‘సమగ్ర శిక్ష’ను తెలుగు చేయండి

సంపాదకులకు నమస్కారం.

పాఠశాల విద్య కోసం కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రారంభించిన పథకాన్ని మన పత్రికలన్నీ ‘సమగ్ర శిక్ష’ అనే రాస్తున్నాయి. ‘సమగ్ర శిక్ష ఉద్యోగుల ధర్నా’, ‘సమగ్ర శిక్ష నిధులు విడుదల’ వంటి శీర్షికలు జిల్లా పేజీల్లో తరచుగా కనబడతాయి. అదే పేజీలో, ఒక్కోసారి ఆ వార్త పక్కనే, ‘హత్య కేసులో ముగ్గురికి యావజ్జీవ శిక్ష’ అని మరో శీర్షిక ఉంటుంది. రెండు చోట్లా అవే అక్షరాలు. ఒకచోట వాటికి అర్థం చదువు, ఇంకొకచోట చెరసాల. ఈ పేరును తెలుగు చేయాలన్న సూచనకు జవాబుగా ఇటీవల ఈ పేజీలో అచ్చయిన ఒక లేఖ, శిక్ష అంటే అసలైన అర్థం చదువేననీ, ఆ సంస్కృత పదాన్ని హిందీవారు సరిగా నిలుపుకోగా తెలుగువారు దండన అనే అర్థంలోకి దిగజార్చుకున్నారనీ, కనుక మార్చుకోవలసింది మన అలవాటునే తప్ప పథకం పేరును కాదనీ వాదించింది. ఆ మాట చరిత్ర తెలిసినవారెవరూ ఒప్పుకోలేని వాదన అది. ఎందుకు ఒప్పుకోలేమో కొంత వివరంగా చెప్పడానికి అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి ఉద్యోగ విరమణ చేసినదాన్ని. ఈ పథకం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఏర్పాటైన భవిత కేంద్రాలూ దాని కిందే నడుస్తున్నాయి. వాటివల్ల పేదపిల్లలకు జరుగుతున్న మేలును దగ్గరగా చూసినదాన్ని. నా అభ్యంతరం పేరు గురించి, అంతకన్నా ముఖ్యంగా ఆ పేరును నిలబెట్టడానికి తెలుగును తప్పుపట్టడం గురించి.

లేఖకులు అసలైన అర్థం అన్నారు కాబట్టి మొదట మూలాన్నే చూద్దాం. సంస్కృతంలో శక్ అనే ధాతువుకు చేయగలగడం అని అర్థం. శక్తి, శక్యం, అశక్తుడు అనే మాటలన్నీ దాని నుంచి వచ్చినవే. ఈ ధాతువుకు కోరికను తెలిపే ప్రత్యయం చేరినప్పుడు శిక్ష్ అనే రూపం ఏర్పడుతుంది. చేయగలిగినవాణ్ణి కావాలని కోరుకోవడం అని దాని భావం. సంస్కృత ధాతువుల జాబితా అయిన ధాతుపాఠం దీన్ని ‘శిక్ష విద్యోపాదానే’ అని విడిగా కూడా చెప్పింది, అంటే విద్యను గ్రహించడం. కాబట్టి ఈ మాట పుట్టింది నేర్పేవాడి వైపు నుంచి కాదు, నేర్చుకోవాలనుకునేవాడి వైపు నుంచి. ప్రభుత్వం అందించే విద్యావ్యవస్థ అనే నేటి హిందీ అర్థం కూడా ఆ మొదటి భావానికి చాలా దూరం నడిచి వచ్చిందే.

ఋగ్వేదం ఏడో మండలంలో 103వ సూక్తాన్ని మండూక సూక్తం అంటారు. వానలు కురవగానే చెరువుల్లో కప్పలు ఒకదాని తర్వాత ఒకటి బెకబెకలాడడాన్ని ఋషి అక్కడ వర్ణిస్తూ, ఒక కప్ప పలుకును మరో కప్ప అందుకోవడం ‘శాక్తస్యేవ వదతి శిక్షమాణః’, గురువు చెప్పిన మాటను శిష్యుడు తిరిగి పలికినట్టు ఉందన్నాడు. ఇక్కడ శాక్తుడు అంటే శక్తి గలవాడు, అంటే నేర్పు సంపాదించిన గురువు. శిక్షమాణుడు అంటే ఆ శక్తిని కోరుతున్నవాడు. గురుశిష్యుల పేర్లు రెండూ ఒకే ధాతువు నుంచి రావడం, ఇద్దరి మధ్య ఉన్న తేడా ఒక్క కోరికే కావడం నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యం కలిగిస్తుంది. మన భాషల్లో వల్లెవేయడం గురించిన అతి పాత చిత్రాల్లో ఇదొకటి.

ఆ తరువాతి వైదిక వాఙ్మయంలో శిక్ష అంటే చదువు మొత్తం కాదు, చదువులో ఒక భాగం. ఆరు వేదాంగాలలో మొదటగా చెప్పేది శిక్ష. అది ఉచ్చారణ శాస్త్రం. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ‘శీక్షాం వ్యాఖ్యాస్యామః’ అని మొదలుపెట్టి, వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అని ఆరింటిని చెప్పి, శీక్షాధ్యాయం ఇంతే అని ఆ విషయాన్ని ముగిస్తుంది. (అక్కడ తొలి అచ్చు దీర్ఘం. స్నాతకోత్సవాల్లో మనం వినే ‘సత్యం వద, ధర్మం చర’, ‘మాతృదేవో భవ’ అనే వాక్యాలు కూడా ఈ వల్లిలోవే.) పాణినీయ శిక్షలో అందరూ ఉదాహరించే ఒక శ్లోకం ఉంది: స్వరం తప్పినా వర్ణం తప్పినా మంత్రం ఉద్దేశించిన అర్థాన్ని ఇవ్వదు, వాగ్వజ్రమై, యజ్ఞం చేయించే యజమానినే హింసిస్తుంది, ‘ఇంద్రశత్రు’ శబ్దం విషయంలో జరిగినట్టు. ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని హోమం చేస్తే, స్వరం ఒకచోట పడవలసింది మరోచోట పడి, ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు పుట్టాడన్న కథ అది. అసలు అర్థానికే కట్టుబడాలంటే ‘సమగ్ర శిక్ష’ను సమగ్ర ఉచ్చారణ శాస్త్రం అని అర్థం చేసుకోవాలి. అలా ఎవరూ కోరరు. మాటకు పాత అర్థం ఉన్నంత మాత్రాన కొత్త అర్థం తప్పైపోదని హిందీ విషయంలో ఒప్పుకునేవారు తెలుగు విషయంలోనూ ఒప్పుకోవాలి.

ఇక దండన అన్న అర్థం తెలుగువారి సొంత కల్పన అన్న మాటకు వద్దాం. సంస్కృత నిఘంటువులే శిక్షా శబ్దానికి అభ్యాసం, బోధ అనే అర్థాలతోపాటు దండన అనే అర్థాన్నీ ఇస్తున్నాయి. కన్నడంలో శిక్షె అంటే దండన, శిక్షణ అంటే విద్య. మలయాళంలో శిక్ష అంటే దండనే. భారతీయ శిక్షాస్మృతిని వారు ‘ఇందియన్ శిక్షానియమం’ అన్నారు. తమిళంలో ఇదే మాట సిట్చై అయి, దండించడాన్నీ కఠినంగా దిద్దడాన్నీ తెలిపింది. ద్రావిడ భాషల్లో ఇలా జరిగిందిలే అనుకోవడానికి కూడా లేదు, ఎందుకంటే మరాఠీలో ఉరిశిక్షను ‘ఫాశీచీ శిక్షా’ అంటారు, చదువును శిక్షణ్ అంటారు. గుజరాతీలో కూడా చదువు శిక్షణ్ అయింది, శిక్షా దండన వైపు మొగ్గింది. అయినా 1826లో స్వామినారాయణ సంప్రదాయ స్థాపకుడు సహజానంద స్వామి తన అనుయాయుల కోసం రాసిన ఆచార నియమాల గ్రంథం పేరు శిక్షాపత్రి, అంటే బోధపత్రం అన్నమాట. హిందీ, బెంగాలీ, ఒడియా, అస్సామీ, నేపాలీ భాషలు చదువు అన్న అర్థాన్ని నిలుపుకున్నాయి. పంజాబీలో అది సిక్ఖియా. హిందీలో నేర్చుకోవడం అనే సీఖ్‌నా, పంజాబీలో అదే అర్థమున్న సిక్ఖణా ఈ ధాతువు నుంచే ప్రాకృతం మీదుగా వచ్చాయి. స్థూలంగా చూస్తే దేశపు పడమటి, దక్షిణ భాగాలు ఒక అర్థాన్నీ, ఉత్తర, తూర్పు భాగాలు మరో అర్థాన్నీ ముందుకు తెచ్చుకున్నాయి. ఇన్ని భాషల్ని కలిపి ఒకేసారి దిగజార్చినవారుగా లెక్కగట్టడం న్యాయం కాదు.

చదువు అనే అర్థాన్ని కాపాడుకున్న భాషల్లో కూడా రెండో అర్థం పూర్తిగా లేకుండా పోలేదు. బెంగాలీలో ఎవరికైనా ‘ఉచిత శిక్షా’ ఇవ్వాలి అంటే తగిన బుద్ధి చెప్పాలనే. హిందీలో ఆ సందర్భంలో సబక్ సిఖానా అంటారు. సబక్ అంటే పాఠం, సిఖానా అన్నది శిక్ష్ ధాతువు సంతానమే. మన తెలుగులో ‘బుద్ధి చెబుతాను’, ‘గుణపాఠం నేర్పుతాను’ అని ఎవరైనా అంటే, అక్కడ పలక బలపం ఉంటాయని ఎవరూ అనుకోరు. నేర్పడం, దారిలో పెట్టడం, అదుపు చేయడం, దండించడం అనే నాలుగు పనులూ వరుసగా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. మాట ఒకదాని నుంచి పక్కదానిలోకి జారడానికి పెద్ద ప్రయాణం అక్కరలేదు.

శాస్ అనే మరో ధాతువు చరిత్రలోనూ సరిగ్గా ఇదే జరిగింది. శాస్త్రం, శాసనం, శిష్యుడు, అనుశాసనం అన్నీ దానివే. మహాభారతంలో అనుశాసనిక పర్వం అంటే భీష్ముడు ధర్మరాజుకు చేసిన బోధ. కానీ ‘వాడికి తగిన శాస్తి జరిగింది’ అన్నప్పుడు ఆ శాస్తి కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. శాస్త్రానికీ శాస్తికీ ఉన్న ఈ చుట్టరికం గురించి ఎవరూ తెలుగును తప్పుపట్టలేదు. ‘దుష్టశిక్షణ, శిష్టరక్షణ’ అని మనం పురాణ కాలక్షేపాల్లో వినే జంటలో ఒకవైపు శిక్షణ అంటే దండన. మరోవైపు శిష్టుడు అంటే శాసింపబడినవాడు, అంటే మంచి బోధలో పెరిగినవాడు. బోధను తెలిపే రెండు ధాతువులు ఎదురెదురుగా నిలబడి, ఒకటి దండనగా, మరొకటి సంస్కారంగా అర్థమిస్తున్న ఈ ప్రయోగాన్ని తరగతిలో వివరించడం నాకు ఎప్పుడూ ఇష్టమైన పని.

గ్రీకు భాషలో పిల్లల్ని పెంచి చదువు చెప్పడాన్ని ‘పైదేయా’ అనేవారు. క్రైస్తవ గ్రంథంలోకి వచ్చేసరికి ఆ మాటకు చెందిన క్రియే దండించడం అనే అర్థంలోనూ కనబడుతుంది. యేసును ‘శిక్షించి విడిచిపెడతాను’ అని రోమన్ అధికారి పిలాతు అన్నచోట వాడినది ఆ క్రియనే. తెలుగు బైబిలు అనువాదకులు ఈ సంగతి ఎంత బాగా గ్రహించారో చూడండి. పిల్లల్ని ‘ప్రభువు యొక్క శిక్షలోను బోధలోను’ పెంచమని తండ్రులకు చెప్పిన చోట వారు పైదేయా అన్న మాటకు శిక్ష అనే రాశారు. ‘శిక్షను ప్రేమించువాడు జ్ఞానమును ప్రేమించువాడు’ అన్న సామెతల గ్రంథ వాక్యంలో శిక్ష అంటే దండనే అనుకుంటే వాక్యమే అందదు. దిద్దుబాటుతో కూడిన బోధ అనుకుంటే వెంటనే అందుతుంది. రెండర్థాలూ కలిసిన మూలపదానికి, రెండర్థాలూ కలిసిన తెలుగు పదం వారికి చేతికందింది. ఒక్క అర్థమే ఉన్న భాషలో వారికి ఆ సౌకర్యం దొరికేది కాదు.

అంటే తెలుగు చదువు అనే అర్థాన్ని పోగొట్టుకోలేదు. 1832లో పుదూరు చదలువాడ సీతారామశాస్త్రి రాసిన బాలశిక్ష, తరువాత పెరిగి పెద్దబాలశిక్షగా తెలుగువారి ఇంటింటి పుస్తకమైంది. అక్షరాలు, గుణింతాలు, ఎక్కాలు, నీతివాక్యాలు, సంవత్సరాల పేర్లు నేర్పే ఆ పుస్తకం పేరులో ఉన్నది బోధ అనే శిక్షే. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు ఈ మాటకు చదువు, బోధ అనే అర్థాలనూ, దండన అనే అర్థాన్నీ రెండింటినీ ఇచ్చింది. ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు నడుస్తున్నాయి, పోలీసులకు శిక్షణ కళాశాలలున్నాయి, ఆటగాళ్లకు శిక్షకులున్నారు, సైన్యం గురించి ‘సుశిక్షితులైన’ అని రాస్తాం. చదువు అనే అర్థం శిక్షణలోకి, శిక్షకుడిలోకి, సుశిక్షితుడిలోకి వెళ్లి స్థిరపడింది. ఒంటరిగా నిలిచిన శిక్ష మాత్రం దండనకు మిగిలింది. ఇది పాడుచేసుకోవడం కాదు, పని పంచుకోవడం. విద్య, చదువు అనే రెండు బలమైన మాటలు అప్పటికే మనకు ఉండడం వల్ల శిక్షకు ఆ భారం మోయవలసిన అవసరం రాలేదని నా అభిప్రాయం.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక చిన్న మాట. అరబ్బీ నుంచి వచ్చిన తాలీమ్ ఉర్దూలో చదువు. గాంధీజీ 1937లో వార్ధాలో ముందుకు తెచ్చిన విద్యావిధానాన్ని నయీ తాలీమ్ అన్నారు. అదే మాట మరాఠీలోనూ మన ఊళ్లలోనూ కసరత్తు అయింది. తాలీంఖానా అంటే మనకు కుస్తీ పట్లు నేర్చే చోటు. ఉర్దూ అర్థానికి తిరిగి రమ్మని ఆ తాలీంఖానాలను ఎవరూ అడగలేదు.

సముద్రం దాటి వెళ్లిన శిక్ష కథ ఇంకా విచిత్రమైనది. బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలో అది సిక్ఖా. పంచశీల తీసుకునే బౌద్ధులు ప్రతి నియమం చివరా ‘సిక్ఖాపదం సమాదియామి’ అంటారు. ప్రాణిహింస మానడం మొదలైన ఆ ఐదూ దేవుడి ఆజ్ఞలు కావు, తమకు తాముగా స్వీకరించిన అభ్యాసాలు. శీలం, సమాధి, ప్రజ్ఞ అనే మూడింటినీ కలిపి త్రిశిక్ష అన్నారు. భిక్షుణి కాబోయే స్త్రీ రెండేళ్లపాటు గడిపే అభ్యాసదశలో ఆమెను సిక్ఖమానా అంటారు. ఋగ్వేదపు కప్పల పాటలోని శిక్షమాణుడే స్త్రీలింగంలో ఇక్కడ కనబడుతున్నాడు. థాయిలాండులో ఈ మాట సంస్కృతం నుంచి ఒకసారి, పాళీ నుంచి మరోసారి, రెండు దారుల్లో చేరింది. సంస్కృతం దారిన వచ్చిన సుక్సా అంటే చదువుకోవడం. అక్కడి విద్యాశాఖ పేరులో ఉన్న సుక్సాథికాన్ మన శిక్షాధికారమే. పాళీ దారిన వచ్చిన సిక్ఖా భిక్షువుల నియమజీవితానికి పేరైంది. కాషాయం విడిచి ఇంటికి తిరిగి వచ్చేవాడు సిక్ఖాకు సెలవు చెప్పాడంటారు. లావోస్‌లోనూ కంబోడియాలోనూ చదువు అన్న అర్థమే నిలిచింది. బర్మాలో మాత్రం, నియమంగా బతికేవాడికి సమాజంలో కలిగే గౌరవం దాకా మాట సాగి, తెయిక్ఖా అంటే మానమర్యాద, వ్యక్తి గౌరవం అని అర్థం స్థిరపడింది. రంగం (రంగూన్) వెళ్లి స్థిరపడిన మన కోస్తా కుటుంబాల పిల్లలు ఇంట్లో శిక్ష అంటే దండన అనీ, వీధిలో అదే మాటకు గౌరవం అనీ తెలుసుకుంటూ పెరిగి ఉంటారు.

ఇండోనేషియా, మలేషియాలలో ఇది మరీ దూరం వెళ్లింది. అక్కడ సిక్స, సెక్స అనే రూపాల్లో వినిపించే ఈ మాటకు అర్థం చిత్రహింస, నరకయాతన. కోర్టు వేసే శిక్షకు వారు అరబ్బీ నుంచి వచ్చిన హుకుమ్ సంబంధమైన మాట వాడతారు. సిక్స అంటే ఒంటికి తగిలే బాధే. కానీ జావా పడమటి భాగంలోని ప్రాచీన సుందా భాషలో 1518 నాటి తాళపత్ర గ్రంథం ఒకదాని పేరులో ఇదే సిక్స ఉంది. మనుషులు ఎలా నడుచుకోవాలో, ఏ పని ఎవరిని అడిగి తెలుసుకోవాలో చెప్పే బోధగ్రంథం అది. ఐదు వందల ఏళ్ల క్రితం అక్కడ బోధగా ఉన్న మాట ఇప్పుడు యాతన అయింది. ఇండోనేషియా భాషలో విద్యార్థిని సిస్వ అంటారు, విశ్వవిద్యాలయ విద్యార్థిని మహాసిస్వ అంటారు. అది మన శిష్యుడే. శిష్యుడు అక్కడ బడిలోనే ఉండిపోగా శిక్ష బడి విడిచి వెళ్లిపోయింది. బర్మాలో గౌరవం, జావాలో చిత్రహింస, బ్యాంకాక్‌లో చదువు, హైదరాబాదులో జైలు. ఇందులో ఏది అసలు, ఏది నకిలీ అని తీర్పు చెప్పే అధికారం ఒక భాషకు మరో భాష మీద లేదు.

ఇప్పుడు పథకం పేరు సంగతి. ఇది అధికారిక నామం, అనువదించకూడదు అంటారు. భారతీయ శిక్షాస్మృతి సంగతి గుర్తుచేసుకోండి. 1860 నాటి ఆ చట్టాన్ని హిందీలో దండ సంహిత అన్నారు. తెలుగులో దండం అనగానే ముందు నమస్కారం గుర్తొస్తుంది కాబట్టేనేమో మన న్యాయవాదులు, అనువాదకులు దాన్ని శిక్షాస్మృతి అన్నారు. 2024 జూలై 1న దాని స్థానంలో కొత్త న్యాయ సంహిత అమలులోకి వచ్చేదాకా ఆ పేరే నడిచింది. 2009లో వచ్చిన చట్టాన్ని హిందీలో ‘శిక్షా కా అధికార్’ అంటారు. మనం విద్యాహక్కు చట్టం అన్నాం. ఆ చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం, వెనకటి వీధిబడుల్లోని కోదండం ఇప్పుడు చట్టవిరుద్ధం. శిక్షలు వద్దన్న చట్టానికే శిక్ష పేరు పెట్టే పరిస్థితి మనకు రాకపోవడానికి కారణం ఆనాడు ఎవరో ఒకరు పేరును తెలుగులో ఆలోచించడమే. 2020 నాటి ‘శిక్షా నీతి’ని జాతీయ విద్యా విధానం అన్నాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఈ పథకానికి ముందున్న సర్వశిక్షా అభియాన్ కొన్నేళ్లపాటు రాజీవ్ విద్యా మిషన్ పేరుతో నడిచింది. ఇన్నిచోట్ల శిక్షాకు విద్య అని రాయగలిగిన మనం, ఈ ఒక్కచోట ఎందుకు రాయలేకపోతున్నామో నాకు అర్థం కావడం లేదు.

పొరుగువారు రాశారు కూడా. తమిళనాడు సర్వశిక్షా అభియాన్‌ను ‘అనైవరుక్కుం కల్వి ఇయక్కం’, అందరికీ విద్యా ఉద్యమం అని పూర్తిగా తమిళంలో రాసుకుంది. ఈ పథకాన్ని కూడా తమిళంలోనే పిలుస్తోంది. నేను ఉండే హిందూపురం నుంచి సరిహద్దు దాటి గౌరీబిదనూరు వెళితే అక్కడ అది ‘సమగ్ర శిక్షణ కర్ణాటక’. ఒక్క అక్షరం చేర్చి కన్నడిగులు తమ భాషకు సరిపోయేలా చేసుకున్నారు. కేరళ మాత్రం మనలాగే ఉన్నదున్నట్టు ఉంచుకుంది. అయితే కన్నడిగుల పరిష్కారం మనకు పనికిరాదు. వారికి శిక్షణ అంటే విద్య. మనకు శిక్షణ అంటే ఒక పనిలో తర్ఫీదు. ‘సమగ్ర శిక్షణ’ అంటే కంప్యూటర్ కోర్సో, కుట్టుమిషను తరగతో అనుకుంటారు. మనకు సరైన పేరు ‘సమగ్ర విద్య’. ఉద్యోగులను సమగ్ర విద్యా పథకం ఉద్యోగులు అనవచ్చు. కార్యాలయాన్ని సమగ్ర విద్యా కార్యాలయం అనవచ్చు. ఏ తల్లికీ వివరించి చెప్పనక్కరలేని పేరు అది.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఒక ఉత్తర్వుతో ఈ పని చేయగలవు. కార్యాలయాల బోర్డుల మీద, పిల్లలకు ఇచ్చే పుస్తకాల అట్టల మీద, తల్లిదండ్రుల కమిటీలకు పంపే కాగితాల మీద పేరు మార్చితే చాలు, పథకం నిబంధనల్లో ఏదీ మారనక్కరలేదు. అది జరిగేలోగా మీ పత్రిక అనువాద విభాగం తన వార్తల్లో ‘సమగ్ర విద్య’ అనే రాయడం మొదలుపెట్టాలని కోరుతున్నాను. కొన్నాళ్లపాటు వార్తలో మొదటిసారి వచ్చినప్పుడు పాత పేరును కూడా పక్కన ఇస్తే, ఆ ఉద్యోగులకూ అధికారులకూ ఏ గందరగోళమూ ఉండదు. హిందీ వార్తాసంస్థల కథనాలను తెలుగు చేసేటప్పుడు శిక్షక్, శిక్షిత్, శిక్షార్థీ వంటి మాటలు యథాతథంగా జారిపోకుండా చూడాలి; అవి మనకు ఉపాధ్యాయుడు, చదువుకున్నవాడు, విద్యార్థి.

పెద్దబాలశిక్ష పేరును మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. ఇది పిల్లల్ని శిక్షించే పుస్తకమా అని నేటి పిల్లలు అడుగుతున్నారు, అడగడం సహజం. ఆ పుస్తకాన్ని ఇప్పటికీ అచ్చు వేస్తున్న ప్రచురణకర్తలు, ఇక్కడ శిక్ష అంటే బోధ అని, చేయగలగాలన్న కోరిక నుంచి పుట్టిన మాట ఇదని మొదటి పుటలో రెండు వాక్యాలు చేర్చాలని మీ పత్రిక ద్వారా వారిని కూడా అభ్యర్థిస్తున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
హిందూపురం.